ముందు ప్లగ్గు, తర్వాత కారు

ప్రశ్న: మేం నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఇరవై ఫ్లాట్లు, కింద సెల్లార్‌లో పార్కింగ్. నా ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో, రానూపోనూ 40 కిలోమీటర్లు. నెలకోసారి ఖమ్మంలో అత్తగారింటికి వెళ్లొస్తాం. పదమూడేళ్ల డీజిల్ కారు ఇక తీసేయాలి. నాకు ఎలక్ట్రిక్ కారు మీద మనసుంది. మా ఆయన ఇంకో రెండేళ్లు ఆగుదాం అంటారు. మావయ్యగారేమో బ్యాటరీ నాలుగేళ్లలో పోతుంది, ఆ తర్వాత అది ఉత్త ఇనప్పెట్టె అంటారు. మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారికి అగ్గి భయం, సెల్లార్‌లో ఛార్జింగ్ అంటేనే ఒప్పుకోవడం లేదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి "కరెంటు కూడా బొగ్గుతోనే కదమ్మా వచ్చేది" అంటోంది. అసలు ఈ కార్లు అందరి ఇళ్లకూ వస్తాయా? లేక కొన్నాళ్లు హడావిడి చేసి పోతాయా? కొనాలా, ఆగాలా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నలుగురు మాట్లాడారు. మీ ఆయన, మావయ్యగారు, అమ్మాయి అడిగినవి సందేహాలు. వాటికి సమాధానాలున్నాయి, ఒక్కొక్కటీ చెబుతాను. ప్రెసిడెంటు గారి సంగతి వేరు. మీరు కారు కొనాలా వద్దా అన్నది ఆయన మాట మీదే ఉంది. సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర ఒక ప్లగ్గు పెట్టుకోనిస్తే నిశ్చింతగా కొనండి. పెట్టుకోనివ్వకపోతే, ఎంత మంచి కారైనా సరే, ఇప్పుడు కొనకండి.

నేను ముప్పై రెండేళ్లు కరెంటు పనుల్లోనే ఉన్నాను. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, అపార్ట్‌మెంట్ల ప్యానెల్ బోర్డులు, ఇవే నా జీవితం. రిటైరయ్యాక కొన్న ఎలక్ట్రిక్ కారుకి ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. ఎవరైనా "ఏ కారు కొనమంటారు" అని అడిగితే నేను ముందు "మీ మీటర్ల గది ఎక్కడుంది" అని అడుగుతాను. చాలామంది చిత్రంగా చూస్తారు. కానీ మీరు అడిగిన పెద్ద ప్రశ్నకి, అంటే ఈ కార్లు అందరి ఇళ్లకూ వస్తాయా అన్నదానికి కూడా నా సమాధానం ఆ మీటర్ల గదిలోనే ఉంది.

మీ అమ్మగారిని అడిగి చూడండి, గ్యాస్ స్టవ్వు ఇంటికి ఎలా వచ్చిందో. స్టవ్వు ఏ స్టీలు సామాన్ల కొట్లోనైనా దొరికేది. కనెక్షన్ కోసం మాత్రం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి చూడాల్సి వచ్చేది. కట్టెల పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు అన్నాళ్లు నిలిచింది గ్యాస్ మీద ఇష్టం లేక కాదు. సిలిండర్ ఇంటి గుమ్మం దాకా వచ్చే ఏర్పాటు అయ్యాక ఎవరూ ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో మనం ఇప్పుడు ఆ పేరు రాయించుకునే దశలో ఉన్నాం. కారు షోరూమ్‌లో ఉంది, కరెంటు ఇంట్లో ఉంది. ఆ రెంటి మధ్య నాలుగంతస్తుల దూరం మిగిలిపోయింది.

ప్రపంచం వైపు చూస్తే, నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో వందకి 89 పూర్తిగా ఎలక్ట్రిక్‌వే. చైనాలో, పెట్రోలు ఇంజిన్ కూడా ఉండే ప్లగ్‌ఇన్ హైబ్రిడ్లను కలుపుకుంటే, అదే ఏడాది దాదాపు సగం. మన దేశంలో ఆ ఏడాది వందకి రెండో మూడో. ఈ అంకెలు చూసి మనం వెనకబడిపోయామని బాధపడేవాళ్లున్నారు. కానీ ఇదే దేశంలో అమ్ముడయ్యే మూడు చక్రాల బళ్లలో, ఈ-రిక్షాలతో కలిపి, సగానికి పైగా ఇప్పటికే కరెంటువి. వాటిని కొన్నవాళ్లెవరూ కొత్త మోజుతో కొనలేదు. సాయంత్రం చేతిలో మిగిలే డబ్బు చూసుకుని కొన్నారు. లెక్క కుదిరిన చోట మనవాళ్లు ఎవరి కోసమూ ఆగరు. నార్వేకి కూడా అది ఒక్కరోజులో రాలేదు. 1990ల నుంచి వాళ్లు ఈ కార్ల మీద పన్నులు తగ్గిస్తూ వచ్చారు. సొంత ఇల్లు, ఇంటి పక్కనే కారు పెట్టుకునే చోటు, అక్కడే ప్లగ్గు ఉన్న కుటుంబాలు అక్కడ ఎక్కువ. మన హైదరాబాద్‌లో కూడా ముందుగా కొన్నది ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లు, విల్లాలవాళ్లే. మీలాగా అపార్ట్‌మెంట్‌లో ఉండే మధ్యతరగతి దగ్గరికొచ్చి కథ ఆగింది. దాన్ని ముందుకు నడిపించేది మీలాంటివాళ్లే కాబట్టి మీ ఉత్తరం నాకు అంత ముఖ్యమనిపించింది.

ఇప్పుడు మావయ్యగారి మాట. ఆయన చెప్పిన నాలుగేళ్ల లెక్క గాలిలోంచి పుట్టింది కాదు, అది ఇన్వర్టర్ బ్యాటరీ లెక్క. ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టే లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్లలో చేతులెత్తేయడం ఆయన చూసే ఉంటారు. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా అనే బుల్లి ఎలక్ట్రిక్ కారులో ఉన్నవి కూడా మొదట్లో ఆ జాతి బ్యాటరీలే. ఇప్పటి కార్లలో ఉండేది లిథియం బ్యాటరీ. వీటికి కంపెనీలు మామూలుగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తాయి. మీ తిరుగుడు లెక్కేద్దాం. ఆఫీసుకి నెలకి వెయ్యి కిలోమీటర్లు, ఖమ్మం రానూపోనూ సుమారు నాలుగు వందలు. ఏడాదికి 17,000 అనుకోండి. ఎనిమిదేళ్లకి 1,36,000. అంటే వారంటీ కిలోమీటర్లు దాటకముందే మీ ఎనిమిదేళ్లూ గడిచిపోతాయి. ఆ తర్వాత కూడా బ్యాటరీ ఒక్కసారిగా చచ్చిపోదు. మొదట్లో 300 కిలోమీటర్లు నడిచింది మెల్లమెల్లగా 270కి, 250కి తగ్గుతుంది. రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే మనిషికి అదేమీ కొరత కాదు.

బ్యాటరీలో రెండు రకాలు ఎక్కువగా వినిపిస్తాయి. షోరూమ్‌లో ఎల్‌ఎఫ్‌పీనా, ఎన్‌ఎంసీనా అని అడగండి. ఎల్‌ఎఫ్‌పీ కాస్త బరువెక్కువ, అదే బరువుకి పట్టే కరెంటు తక్కువ. కానీ ఎక్కువసార్లు ఛార్జి చేసినా తట్టుకుంటుంది, వేడెక్కి అంటుకునే గుణం తక్కువ. మన ఎండలకీ, మీ సెల్లార్‌కీ అదే మంచిదని నా అభిప్రాయం. ఎండల గురించి భయమేస్తే మియాపూర్ వెళ్లి చూడండి. 2019 నుంచి ఆ డిపోలోంచీ, కంటోన్మెంట్ డిపోలోంచీ ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు శంషాబాద్ విమానాశ్రయానికి తిరుగుతున్నాయి. ఎన్ని మే నెలలు చూశాయో అవి.

డబ్బు సంగతి. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైనే ఉంటూ వస్తోంది. నిజాంపేట రోడ్డు, జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ మీదుగా పొద్దున ట్రాఫిక్‌లో పెట్రోలు కారు లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అంటే కిలోమీటరుకి తొమ్మిది రూపాయలు, ఆఫీసు ప్రయాణానికే నెలకి తొమ్మిది వేలు. ఎలక్ట్రిక్ కారు ఒక యూనిట్ కరెంటుకి సిటీలో సుమారు ఆరు కిలోమీటర్లు నడుస్తుంది. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలిపే చెబుతున్నాను. వెయ్యి కిలోమీటర్లకి 170 యూనిట్లు, ఖమ్మం బయలుదేరే ముందు నింపుకునేది కలిపితే ఇంటి దగ్గర నెలకి రెండు వందల యూనిట్లు.

ఆ రెండు వందల యూనిట్లు ఏ మీటరు మీద తిరుగుతాయన్నది చాలామంది పట్టించుకోరు. ఇంటి మీటరు మీదైతే స్లాబులు పెరుగుతాయి. మీ ఇంటి వాడకం నెలకి 250 యూనిట్లు అనుకుందాం. మొదటి 200కి యూనిట్ 5.10 చొప్పున, మిగిలిన 50కి 7.70 చొప్పున, వాడకం ఛార్జీ 1,405 రూపాయలు. కారు కలిశాక వాడకం 450 అవుతుంది. 301 నుంచి 400 దాకా 9 రూపాయలు, ఆ పైన 9.50. అప్పుడు వాడకం ఛార్జీ 3,165. అంటే కారు తాగినదానికి 1,760 రూపాయలు. అదే ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ కేటగిరీలో వేరే మీటరు తీసుకుంటే యూనిట్ సుమారు 6 రూపాయలు, స్లాబులు లేవు. రెండు వందల యూనిట్లకి 1,200, దానిపైన కిలోవాట్ల లెక్కన కొంత ఫిక్స్‌డ్ ఛార్జి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ శాఖ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించినప్పుడు, కారు ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కు మనకి స్పష్టంగా ఇచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి కూడా అది వర్తిస్తుంది. దరఖాస్తు మన కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌కి పెట్టుకోవాలి. వేరే మీటరుతో ఇంకో లాభం కూడా ఉంది. ప్రెసిడెంటు గారికి "కామన్ కరెంటు వాడుకుంటున్నారు" అనే మాట ఇక ఉండదు.

కొనే ధరలో తేడా ఉంది, కాదనను. జీఎస్టీ ఎలక్ట్రిక్ కారుకి 5 శాతం. చిన్న పెట్రోలు కార్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఆ వైపు ఆకర్షణ మునుపటి కంటే పెరిగింది. కానీ మన రాష్ట్రంలో అసలు లాభం లైఫ్ ట్యాక్స్‌లో, అంటే కొన్నప్పుడే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్‌లో ఉంది. పది లక్షలు దాటిన పెట్రోలు కారుకి 17 శాతానికి తగ్గకుండా కట్టాలి. ఎలక్ట్రిక్ వాహనాలకి 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది. ఆ ఉత్తర్వు గడువు 2026 డిసెంబరు 31. పదకొండు లక్షల పెట్రోలు కారు ఆ ట్యాక్స్‌తో పన్నెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. దానికి పోటీగా మీరు చూసే ఎలక్ట్రిక్ కారు పద్నాలుగు లక్షలనుకోండి. ఆ మిగిలిన తేడా పెట్రోలు ఖర్చులో ఏడాది, ఏడాదిన్నరలో తీరిపోతుంది. మీ ఆయన రెండేళ్లు ఆగుదాం అంటున్నారు. బ్యాటరీల ధర, ఒక యూనిట్ కరెంటు పట్టే సామర్థ్యానికి, 2010లో వెయ్యి డాలర్ల పైన ఉన్నది 2024 నాటికి 115 డాలర్లకి పడిపోయిన మాట నిజమే, ఇంకా తగ్గొచ్చు. కానీ ఆ రెండేళ్లలో పాత కారు డీజిల్‌కి పోసేది లక్షన్నర పైమాటే. ఈ ట్యాక్స్ మినహాయింపు అప్పటికి ఉంటుందన్న భరోసా కూడా లేదు.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కారు లోన్ వడ్డీకి లక్షన్నర మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. అలాగే బ్యాటరీకి అద్దె కట్టే స్కీముల్లో కారు ధర తక్కువ కనిపిస్తుంది. కిలోమీటరుకి మూడున్నర రూపాయలు అద్దె అనుకున్నా మీ 17,000 కిలోమీటర్లకి ఏడాదికి దాదాపు 60,000. తక్కువ తిరిగేవాళ్లకి అది సరే, మీకు వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో ధర మాత్రం ఇప్పటికి బాగా పడిపోతోంది. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ పాతదాని విలువ తగ్గుతోంది. నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లని నేను ఎలక్ట్రిక్ కొనమని చెప్పడం లేదు. మీరు పాత కారుని పదమూడేళ్లు ఉంచుకున్నారు. మీకీ భయం అక్కర్లేదు.

ఇక సెల్లార్‌కి వద్దాం. ప్రెసిడెంటు గారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి కమ్ముకుని ఎనిమిది మంది చనిపోయారు. ఆ రాత్రి టీవీ చూసిన ఏ హైదరాబాదీ మరిచిపోలేడు. అంత దగ్గరలో జరిగిన దాన్ని గుర్తుపెట్టుకుని, ఇరవై కుటుంబాల బాధ్యత తన మీద ఉందనుకునే మనిషి "వద్దు" అనడం సహజం. ఆయన ముందు కూర్చుని వాదించకండి. ఆయన భయానికి తగిన ఏర్పాటు చూపించండి.

ఆ ఏడాది వరసగా స్కూటర్లు తగలబడిన తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రత నిబంధనలు గట్టిపరిచింది. స్కూటర్లకి ఏఐఎస్ 156, కార్లకి ఏఐఎస్ 038 పేరుతో ఉన్న ప్రమాణాల సవరణలు 2022 డిసెంబరు నుంచి, రెండో విడత 2023 మార్చి చివరి నుంచి అమల్లోకి వచ్చాయి. బ్యాటరీలో ఒక సెల్ పాడైతే మంట మిగతావాటికి పాకకముందే హెచ్చరిక రావాలన్నది వాటిలో ఒకటి. కారుతో వచ్చే లిథియం బ్యాటరీ కంటే నాకు భయం వేసేది అపార్ట్‌మెంట్ వైరింగ్‌ని చూసినప్పుడు. బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీసి, లైట్ల కోసం వేసిన సన్న వైరు మీద రాత్రంతా పదిహేను ఆంపియర్లు లాగే ఇళ్లు చూశాను. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి కాలేది. ప్రెసిడెంటు గారు "వద్దు" అని ఊరుకుంటే జరిగేది అదే. దొంగచాటుగా ఎవరో ఒకరు అలాంటి వైరు లాగుతారు. పద్ధతిగా అనుమతి ఇస్తేనే సెల్లార్ భద్రంగా ఉంటుంది. ఈ మాట ఆయనకి నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

మీరు ఇవ్వాల్సిన ఏర్పాటు ఇది. మీటర్ల గది నుంచి మీ పార్కింగ్ దాకా నేరుగా ఒకే ఆర్మర్డ్ కేబుల్ (లోహపు తొడుగున్నది), మధ్యలో జాయింట్లు లేకుండా. రాగి అయితే 6 చదరపు మిల్లీమీటర్లది. మీటరు దగ్గర సరైన ఎంసీబీ, అంటే లోడు మించితే కరెంటు ఆపే స్విచ్, దానితోపాటు ఆర్‌సీసీబీ. షాక్ కొట్టే పరిస్థితి వస్తే రెప్పపాటులో కరెంటు ఆపేసేది ఈ ఆర్‌సీసీబీనే. అది లేకుండా ఎవరు బిగిస్తానన్నా ఒప్పుకోకండి. ఎర్తింగ్‌కి విడిగా గుంత తీయించండి. మన పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి గుంత ఎండిపోతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారు ఛార్జింగ్ తీసుకోదు. జనం కారుదే తప్పనుకుని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరుగుతారు. ప్లగ్గు బోర్డు ఛాతీ ఎత్తుకి తగ్గకుండా గోడకి పెట్టించండి. 2020 అక్టోబరు వానల్లో మన సెల్లార్లు ఎలా నిండాయో గుర్తుంది కదా. అలాంటి రాత్రి నీళ్లు వస్తాయని తెలిస్తే కారుని ముందే రోడ్డు మీదికి తెచ్చేయాలి. నిలవ నీళ్లలో మునిగిన కారుకి ఛార్జింగ్ మాత్రం పెట్టకూడదు, టోయింగ్ బండిని పిలవాలి.

గోడకి బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ కారుతో ఇస్తామంటారు. మీకు దాని అవసరం లేదు. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు మీద గంటకి మూడు యూనిట్లు ఎక్కుతుంది. మీ నలభై కిలోమీటర్లకి కావాల్సింది ఏడు యూనిట్లు, రెండున్నర గంటల పని. ఖమ్మం వెళ్లే ముందు రోజు మాత్రం సాయంత్రం పెడితే పొద్దుటికి నిండుతుంది. చిన్న ఛార్జర్ వల్ల మీ శాంక్షన్డ్ లోడ్, అంటే కనెక్షన్‌కి మంజూరు చేయించుకునే కిలోవాట్లు, కూడా తక్కువ సరిపోతుంది, బిల్డింగ్ మీద భారం తక్కువ.

అసోసియేషన్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, అది మీరే అడగండి. ఒక్క కారుకి సరే, ఇరవై ఫ్లాట్లూ కొంటే? ఒక్కొక్కటి 3.3 కిలోవాట్లు, అన్నీ ఒకేసారి పెడితే 66 కిలోవాట్లు. అపార్ట్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏదైతే, మే నెల రాత్రి తొమ్మిది గంటలకి ఏసీలన్నీ నడుస్తుండగా ఈ 66 కలిస్తే అది తట్టుకోలేదు. అదే రాత్రి పదకొండు తర్వాత వంతుల వారీగా టైమర్లు పెట్టుకుంటే హాయిగా తట్టుకుంటుంది, ఎందుకంటే ఎవరికీ రోజూ పూర్తి ఛార్జింగ్ అక్కర్లేదు. ఇరవై కార్లూ రోజుకి ఏడు యూనిట్ల చొప్పున తీసుకున్నా మొత్తం 140 యూనిట్లు, ఏడు గంటల రాత్రికి సగటున 20 కిలోవాట్లే. కాబట్టి మీ ఒక్కరి కేబుల్ వేసేటప్పుడే మీటర్ల గది నుంచి సెల్లార్‌కి పెద్ద కేబుల్ ట్రే ఒకటి వేయించమని మీటింగ్‌లో చెప్పండి. ఖర్చు నలుగురైదుగురు పంచుకున్నా మంచిదే. ఐదో కారు వచ్చాక గోడలు తవ్వడం కంటే ఇది చవక. మా తార్నాక అపార్ట్‌మెంట్‌లో నేను మొదట ఒక్కణ్ణే వేయించుకున్నాను, నాలుగు నెలలు పట్టింది అందర్నీ ఒప్పించడానికి. ఇప్పుడు ఆరు కార్లున్నాయి. అప్పుడే ట్రే వేయించి ఉండాల్సింది అని ఆరో ఆయన గోడ తవ్వించిన రోజు అనిపించింది.

ఇంట్లో ప్లగ్గు లేకుండా బయట ఛార్జింగ్ మీదే బతకొచ్చు కదా అని కొందరంటారు. నేను వద్దంటాను. బయట ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర యూనిట్‌కి 18 నుంచి 25 రూపాయలు పడుతుంది. మీ ఆదాలో దాదాపు మూడో వంతు అక్కడే పోతుంది. దానికి మించిన బాధ సమయం. ఆఫీసు నుంచి అలసిపోయి వస్తూ ఛార్జర్ దగ్గర లైన్లో నలభై నిమిషాలు కూర్చోవడం ఒక వారం బాగుంటుంది. మూడో వారానికి కారు మీద కోపం వస్తుంది.

హైవే సంగతి నేను నేర్చుకున్నది కష్టపడే. మొదటి ఏడాది విజయవాడ నుంచి తిరిగొస్తూ, సూర్యాపేట దగ్గర ఒక హోటల్లో ఛార్జర్ ఉందని యాప్‌లో చూసుకుని వెళ్లాం. యాప్‌లో పచ్చగా ఉంది. అక్కడికెళ్తే మెషిన్ పనిచేయడం లేదు, కంపెనీ నంబర్‌కి ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపిస్తామన్నారు. బ్యాటరీ 14 శాతం. ఏసీ ఆపేసి, నలభై స్పీడులో ఇంకో హోటల్ దాకా పోయాం. ఆ హోటల్ యజమాని దయతలచి వంటింటి వెనక గ్రైండర్ ప్లగ్గు ఇచ్చాడు. ఐదు గంటలు కూర్చున్నాం, నా భార్య మోకాళ్ల నొప్పితో. ఆ రోజు నుంచి నాకు రెండు నియమాలు. ఛార్జర్ దగ్గరికి 30 శాతం కంటే తక్కువతో చేరను. బయలుదేరే ముందు ఆ హోటల్‌కి ఫోన్ చేసి "ఈ రోజు ఎవరైనా ఛార్జింగ్ పెట్టుకున్నారా" అని అడుగుతాను. నాలుగేళ్లలో ఆ రోడ్డు మీద ఛార్జర్లు చాలా పెరిగాయి. పనిచేయని మెషిన్‌ని వెంటనే బాగుచేయడం మాత్రం అంతగా పెరగలేదు. ఈ కార్లు ఊరూరా రావాలంటే కొత్త ఛార్జర్లు పెట్టడం కన్నా పెట్టినవాటిని నడిపించడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీకు ఆ టెన్షన్ కూడా ఉండదనే అనుకుంటున్నాను. నిజాంపేట నుంచి ఖమ్మం సుమారు రెండు వందల కిలోమీటర్లు. కంపెనీ చెప్పే రేంజ్‌లో మూడింట రెండు వంతులు నమ్మండి. 450 అని రాసి ఉంటే హైవే మీద 300 వస్తుంది. ఒక ఛార్జింగ్‌తో ఖమ్మం చేరి ఇంకా మిగులుతుంది. మీరు కొనేటప్పుడు 40 యూనిట్లకి (షోరూమ్‌లో కిలోవాట్ అవర్ అంటారు) తగ్గని బ్యాటరీ చూసుకోండి. అంతకంటే చిన్నది సిటీకి చాలు, ఖమ్మానికి చాలదు. తిరుగు ప్రయాణానికి కావాల్సిన ఛార్జింగ్ మీ అత్తగారింట్లోనే ఉంది. నీళ్ల మోటారుకో గీజర్‌కో పెట్టిన 16 ఆంపియర్ల ప్లగ్గు చాలు. శనివారం సాయంత్రం పెడితే ఆదివారం భోజనాల వేళకి నిండిపోతుంది.

మీ అమ్మాయి ప్రశ్న నాకు చాలా నచ్చింది, దాన్ని దాటవేయకండి. నిజమే, మన దేశంలో కరెంటులో నాలుగింట దాదాపు మూడొంతులు ఇంకా బొగ్గు నుంచే. మన ఇంటి కరెంటులో రామగుండం, సింగరేణి బొగ్గు ఉన్నాయి. లెక్క ఆమె చేతే వేయించండి. ఒక యూనిట్ కరెంటుకి సగటున 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకి 120 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే 2,300 గ్రాములు. లీటరుకి పన్నెండు కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకి 190. బ్యాటరీ తయారీలో అయ్యే కాలుష్యం అదనం, అది మొదటి కొన్నేళ్ల తిరుగుడులో తీరుతుంది. అంటే ఇప్పటికి తేడా ఉంది కానీ, ప్రచారంలో చెప్పేంత పెద్దది కాదు. ఒక్క సంగతి మాత్రం ఆమెకి చెప్పండి. పెట్రోలు కారు పాతబడేకొద్దీ ఎక్కువ పొగ వదులుతుంది. సోలార్ కరెంటు పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ కారు అంతే నడిచినా తక్కువ బొగ్గుతో నడుస్తుంది. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర స్కూల్ ఆటోలో కూర్చున్న పిల్లల ముఖం మీదికి మీ కారు పొగ రాదు, అది ఈ రోజు నుంచే. ట్రాఫిక్ జామ్ మాత్రం తగ్గదు, ఏ కారైనా అదే చోటు ఆక్రమిస్తుంది. వీలైన రోజుల్లో మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా వెళ్లడం అన్నిటికంటే శుభ్రమైన పని.

ఇవి పోతాయా అని అడిగారు. పోవు. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు మధ్యతరగతి చూడదగ్గవి ఒకటో రెండో ఉండేవి, ఇప్పుడు పెద్ద కంపెనీలు చాలావరకు దిగాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. ముడిసరుకు శుద్ధి చేసేది, మోటార్ల అయస్కాంతాలు తయారుచేసేది ఎక్కువగా చైనాయే కాబట్టి అక్కడ ఆంక్షలు పెట్టినప్పుడల్లా మనకి కుదుపులు తప్పవు. అయినా దారి మారదు. ఎంత వేగంగా వస్తాయన్నది మాత్రం మీ అపార్ట్‌మెంట్ లాంటి వేల సెల్లార్లలో తేలాలి.

కాబట్టి షోరూమ్‌కి వెళ్లకముందు ఈ ఆదివారం చేయాల్సింది ఇది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని పిలిచి మీటర్ల గది నుంచి మీ పార్కింగ్‌కి దూరం కొలిపించి, కేబుల్, ఎర్తింగ్, ఆర్‌సీసీబీలతో ఎస్టిమేట్ రాయించండి. దానితో అసోసియేషన్‌కి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఖర్చు మీదే, మీటరు మీదే, ఏడాదికోసారి వైరింగ్ తనిఖీ చేయించే బాధ్యత మీదే అని అందులో రాయండి. అనుమతి చేతికొచ్చాకే కారుకి అడ్వాన్స్ కట్టండి. ఈసారి ఖమ్మం వెళ్లినప్పుడు ఆ మోటారు ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో మావయ్యగారి చేతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించండి. మీటింగ్ తేదీ ఖరారయ్యాక నాకు రాయండి. మీ సెల్లార్ కొలతలు పంపితే కేబుల్ ఎటు నుంచి తేవాలో బొమ్మ గీసి పంపిస్తాను, అది ప్రెసిడెంటు గారి ముందు పెట్టొచ్చు.